ముడసర్లోవలో సెలవు తీసికొను పక్షులు

మధురవాడలో కాపురముండి విశాఖపట్టణమున ఉద్యోగము చేయువారు ప్రతిదినము ఉదయమున ఎండాడ మీదుగా, జంతుప్రదర్శనశాల ప్రక్కనుండి హనుమంతువాక కూడలికి చేరుదురు. అచ్చట వాహనములు నిలిచిపోవును. బస్సులోనివారు గడియారము చూచుకొందురు, మోటారు సైకిలువారు కొమ్ము ఊదుదురు, ఇంచుమించు పది కిలోమీటర్ల ప్రయాణమునకు ఇంత కష్టమా యని అందరును విసుగుకొందురు. ఆ కూడలినుండి ఆరిలోవ దారిపట్టి కొండలవైపు కొంతదూరము పోయినచో ముడసర్లోవ జలాశయము కానవచ్చును. శిశిరాంతమున ఆ నీటిపైన కూడ ఒక ప్రయాణమునకు సన్నాహము జరుగుచుండును. ఆ ప్రయాణికుల గమ్యము సైబీరియా. దూరము నాలుగైదు వేల కిలోమీటర్లు. వారికి బస్సు లేదు, సత్రము లేదు, దారి చూపు పటము లేదు.

ఫిబ్రవరి నెల చివరివారమున ఒక ఆదివారము నాడు తెల్లవారుజామున మేము ఆ చెరువుగట్టు చేరితిమి. మాతో ఒక కళాశాల ఉపాధ్యాయుడు కూడ వచ్చెను. పక్షులను చూచుట ఆయనకు వ్యసనము. మెడలో దుర్భిణి లేనిదే ఆయన ఇల్లు వెడలడని వారి యింటివారు పరిహాసమాడుదురు. మంచు ఇంకను విడలేదు. కొండ యొక్క నీడ సగము నీటిని కప్పియున్నది. మొదట మాకు నీరు, నీటిపై నల్లని చుక్కలు తప్ప మరేమియు కనబడలేదు. "కంగారు పడకండి, కళ్ళు అలవాటుపడాలి" అని ఆయన మమ్ము ఒక రాతిపై కూర్చుండబెట్టెను. పావుగంట గడచిన పిదప చుక్కలకు ముక్కులు, మెడలు, తోకలు ఏర్పడసాగినవి. పక్షులను చూచుటలో కాళ్ళకంటె పిరుదులకు పని యెక్కువయని ఆనాడే గ్రహించితిమి.

ఉత్తరాంధ్ర భాషలో నీటికిని, నీరు నిలుచు తావులకును ఉన్నన్ని పేర్లు మరియొక వస్తువునకు లేవేమో! రెండు కొండల నడిమి పల్లము లోవ. కొండనుండి దిగివచ్చు వాగు గెడ్డ. పల్లెప్రక్క పశువులు దిగు చిన్నకుంట బంద. ఏడాది పొడవునను తడి ఆరని పల్లపు నేల ఆవ. అనకాపల్లి చేరువనున్న కొండకర్ల ఆవ ఆ పేరుననే ప్రసిద్ధము. శ్రీకాకుళపు తీరమున అదే బీల యగును. అక్షరము రానివాడును ఈ భేదములను పొరపాటు లేక చెప్పగలడు. సర్కారు దస్తరములలో మాత్రము ఇవన్నియు పోరంబోకు అను ఒక్క మాటలో అణగిపోయినవి. మాట పోయినచోట వస్తువు నిలుచుట కష్టము. మధురవాడకు చేరువనే బావికొండ, తొట్లకొండ యను బౌద్ధక్షేత్రములు గలవు. రెండువేల యేండ్లనాడు ఆ కొండలపై నివసించిన భిక్షువులు వాననీటిని పట్టి యుంచుటకు రాతిలో తొట్లు తొలిచిరి. 1976లో నౌకాదళమువారు ఆ కొండను సర్వే చేయుచుండగా తొట్లకొండ క్షేత్రము బయటపడినది. కొండకు పేరు తెచ్చినది స్తూపము కాదు, నీటితొట్టి. ఈ గడ్డపై నీటికిగల గౌరవమట్టిది.

ఇక పక్షుల మాట. గట్టుకు దగ్గరగా, తామరాకుల నడుమ, పొడుగైన వ్రేళ్ళతో ఆకునుండి ఆకుపైకి అడుగువేయుచు తామరకోళ్ళు మేయుచుండినవి. ఈ జాతిలో సంసారధర్మము తలక్రిందులు. ఆడుది గ్రుడ్లుపెట్టి మరియొక మగనిని వెదకికొని పోవును. పొదుగుట, పిల్లలను పెంచుట మగవాని వంతు. మా ఉపాధ్యాయుడు ఈ సంగతి చెప్పుచు చిరునవ్వు నవ్వెను గాని, తన యింట వంట తానే చేయునని మాకు తెలియును గనుక మేమేమియు అనలేదు. నడినీట బుడబుంగలు మునిగి మరియొకచోట తేలుచుండినవి. ఎండిన కొమ్మపై నీరుకాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండినవి. దీనికి కారణము విచిత్రము: బాతుల యీకలవలె నీరుకాకి యీకలు నీటిని పూర్తిగా త్రోసివేయవు, తడిసి బరువగును, ఆ బరువే దానిని చేపవెంట లోతునకు దింపును, పిదప ఎండలో ఆరబెట్టుకొనుట తప్పదు. గట్టున గుడ్డికొంగ కదలక మెదలక నిలిచియుండి, మేము ఆరడుగుల దూరమునకు పోవువరకు ఉన్నట్టే తెలియనీయక, ఒక్కసారిగా తెల్లని రెక్కలు విప్పి ఎగిరిపోయినది. లకుముకి పిట్టను, "ఎవరది, ఎవరది" యని అడిగినట్లు అరచు తీతువును వేరుగా చెప్పనక్కరలేదు. తీతువు కూత అపశకునమని మన పెద్దలందురు. గూడు నేలపై పెట్టుకొను పక్షి, మనిషి అడుగుచప్పుడు విని అరవక ఏమిచేయును?

ఇవి యన్నియు మన ఊరివే. ఏడాది పొడవున ఇచ్చటనే యుండునవి, లేదా ఈ చెరువునుండి ఆ చెరువునకు మారునవి. మేము పోయినది వీనికొరకు కాదు. సూర్యుడు కొండపైకి వచ్చిన తరువాత నడినీటనున్న బాతులగుంపుపై వెలుగు పడినది. కొన్నింటి తలపై, కన్నులమీదుగా మెడవెనుకకు దిగిన తెల్లని నామము స్పష్టముగ మెరసినది. దుర్భిణి మా చేతికిచ్చి ఉపాధ్యాయుడు, "అవే గార్గనేలు. మగవాటికే ఆ నామం. అక్టోబరులో వచ్చినప్పుడు చూస్తే ఆడదీ మగదీ ఒక్కలాగే ఉంటాయి. ఇప్పుడు పెళ్ళికొడుకు వేషం వేసేశాయి" అనెను. చలికాలమంతయు అవి మన నీటిలో మేసి, పాత యీకలు రాల్చి, క్రొత్తవి తొడిగికొని, స్వదేశమున జత కట్టుటకు సిద్ధమైనవన్నమాట. వానికి కొంచెము దూరమున నాలుగు సూదితోక బాతులుండినవి. చాకొలేటు రంగు తల, పొడుగైన తెల్లని మెడ, సూదివంటి తోక. ఇంత దర్జాగల పక్షి మరియొకటి ఆ నీటిపై లేదు. అడుసులో ఉల్లంకి పిట్టలు తోకలాడించుచు పురుగులను ఏరుచుండినవి. గట్టుపై రెండు కాటుకపిట్టలు పరుగులెత్తుచుండినవి. శరత్కాలమున ఖంజరీట దర్శనమునుగూర్చి వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే వ్రాసెను. ఆ పిట్ట ఏటేట ఋతువు ననుసరించి వచ్చిపోవుట మన పూర్వులు గమనించినారనుటకు ఇంతకంటె సాక్ష్యమెందుకు?

గట్టు క్రింద గేదెలను మేపుకొనుచున్న ఒక వృద్ధుడు మమ్ము చాలసేపటినుండి చూచుచుండెను. సర్వేకు వచ్చినవారమేమోయని ఆయన అనుమానము. కాదని తెలిసికొన్న పిదప దగ్గరకు వచ్చి కూర్చుండి, చుట్ట వెలిగించెను. ఆ బాతులు ఎచ్చటివని అడిగితిమి.

"అయ్యి మనూరి పిట్టలు కావు బాబూ. సలికాలం ఒస్తాయి, ఎండలు ముదిరితే ఎల్లిపోతాయి. ఎక్కడికెల్తాయో ఆ సింహాద్రప్పన్నకే ఎరిక" అనెను.

"వెనుకటి కంటె ఇప్పుడెక్కువా, తక్కువా తాతా?"

"తక్కువ కాక? నా సిన్నప్పుడు ఈ పక్కంతా వొరి. ఆ పక్కంతా బందలు. పిట్ట కూకోడానికి సోటుండేది. ఇప్పుడు ఈ ఒక్క సెరువే మిగిలిపోనాది."

ఆయన చెప్పిన లెక్క ఏ పుస్తకమునను లేదు. అయినను ఆ మాటలో ఒక శాస్త్రసత్యము గలదు. పక్షి ఒక్క చెరువును నమ్మి యుండదు. ఒకదానిలో మేత తరిగినచో వేరొకదానికి పోవును. ఒకదానిలో అలజడి కలిగినచో పదిమైళ్ళ దూరముననున్న మరియొకదాని నాశ్రయించును. ముడసర్లోవ, గంభీరము, మేఘాద్రిగెడ్డ, కొండకర్ల ఆవ, వీని నడుమ పేరులేని బందలు, వరిమళ్ళు కలిసి వానికి ఒక్క జాగీరు. బందలు పూడ్చి, పెద్దచెరువును మాత్రము నిలిపితిమని సంతసించుట, అంగడివీధి యంతయు పడగొట్టి ఒక్క దుకాణము నుంచినట్లే.

ఎండలు ముదిరినచో పోవునను మాటకూడ సరియే గాని, వేడికి ఓర్వలేక పోవుననుకొనుట పొరపాటు. పగటి నిడివి పెరుగుటయే వానికి గంట కొట్టుట. డిసెంబరున విశాఖలో పగలు పదునొకండు గంటలు. మార్చి మూడవవారమునకు పండ్రెండు గంటలగును. మనకు పట్టని ఆ గంటసేపటి భేదమును పక్షి మెదడు పసిగట్టును. అంతట శరీరములోని గ్రంథులు మేల్కొనును, ఆకలి పెరుగును, రాత్రియు పగలును మేసి, చర్మముక్రింద కొవ్వు నిలువచేసికొనును. కొన్ని జాతుల ఉల్లంకులు ప్రయాణమునకు ముందు తమ బరువునకు ఇంచుమించు రెట్టింపగునని శాస్త్రజ్ఞులు తూచి చూచిరి. ఆ కొవ్వే దారిబత్తెము. సైబీరియాలో మంచు కరిగి పురుగులు లేచు వేళకు అచ్చట చేరవలయును. ముందు పోయినచో ఆకలి, ఆలస్యమైనచో పిల్లలకు వేసవి చాలదు. కావున ఫిబ్రవరి, మార్చి నెలలలో చెరువున దొరకు ప్రతి పురుగును, ప్రతి గింజయు ఆ పక్షికి ప్రాణావసరము. సరిగా ఈ నెలలలోనే మన చెరువులలో నీరు తగ్గును, మట్టి త్రవ్వు లారీలు దిగును, విహారమునకు వచ్చువారు పెరుగుదురు.

మన కవులు హంసలు వర్షారంభమున మానససరోవరమునకు పోవునని, శరత్తున మరలివచ్చునని వర్ణించిరి. మేఘదూతమున మేఘునికి కైలాసమువరకు తోడుపోవునవి ఈ హంసలే. కళాశాలలో చదివిన దినములలో ఇది కేవలము కవిసమయమని మేమును తలచితిమి. నేడు శాస్త్రజ్ఞులు తలపై రెండు నల్లగీతలుగల అడవి బాతులకు చిన్న యంత్రములు కట్టి, ఉపగ్రహములతో వెంబడించి చూడగా, అవి భారతదేశమున చలికాలము గడపి, హిమాలయములు దాటి, టిబెట్టు, మంగోలియాలకు పోవుచున్నవని తేలినది. ఏడువేల మీటర్లకు పైబడిన యెత్తున కూడ అవి ఎగురుట నమోదైనది. ప్రబంధములలోని జక్కవలును అట్టివే. లడఖు, టిబెట్టుల చల్లని సరస్సులు వాని జన్మభూమి. పాలను నీటిని వేరుచేయు కథ మాట యెట్లున్నను, ప్రయాణపుమాట మన పూర్వులు కన్నులార చూచి వ్రాసినదే.

చూచుట మానినది మనము. పక్షుల శాస్త్రము మన దేశమున చాలకాలము దొరల వినోదముగ నుండెను. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ మన జిల్లాలు తిరిగి పుస్తకములు వ్రాసెను. 1848లో పెన్నాలోయలో ఆయన కనుగొన్న కలివికోడి, పోయినదని అందరును నిశ్చయించిన పిదప, 1986లో కడప జిల్లాలో మరల కనబడినది. దానిని పట్టి చూపినవాడు ఊరి వేటకాడు. వానికి అది ఎన్నడును పోలేదు. సలీం ఆలీ మహాశయుడు 1941లో భారతీయ పక్షులపై పుస్తకము ప్రకటించి, ఈ విద్యను స్వదేశీయము గావించెను. 1946లో నీలకంఠన్ అను కేరళీయుడు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున చెట్లపై గూడబాతుల కొలువును చూచి లోకమునకు తెలిపెను. కొన్ని దశాబ్దములలోనే ఆ కొలువు లేచిపోయినది. మన విశాఖపట్టణమునకే చెందిన కె. యస్. ఆర్. కృష్ణరాజుగారు తూర్పుకనుమల పక్షులను జీవితాంతము శోధించిరి. 1985లో ఒక చిన్న అడవిపిట్ట యొక్క క్రొత్త ఉపజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. నగరమున ఎందరికి ఈ పేరు తెలియును? మధురవాడ క్రికెట్టు మైదానమున 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తానుపై 148 పరుగులు తీసెనని ఎనిమిదేండ్ల బాలుడును చెప్పగలడు. చెప్పవలసినదే, ఆ ఆట మేమును చూచి కేకలు వేసినవారమే. ఆ బాలుడు ఒక బొల్లికోడిని, ఒక బాతును వేరుచేసి చెప్పగలిగినచో మాకు మరింత సంతోషము.

మేము సముద్రతీరపు అభివృద్ధికి విరోధులము కాము. నేటి విశాఖ నౌకాశ్రయము ఉప్పుటేటి చిత్తడినేలను త్రవ్వి కట్టినదే. 1933 అక్టోబరు 7న అందు ప్రవేశించిన మొదటి ఓడ సింధియా వారి జలదుర్గ, స్వదేశీ సంస్థ యొక్క ఓడ. దానిని తలచి ఆంధ్రుడెవడు గర్వింపడు? ఉక్కు కర్మాగారమునకై 1966లో ప్రాణములర్పించిన వారి త్యాగమును తక్కువచేయు నోరు మాకు లేదు. ఆ చిత్తడిలో ఎన్ని పక్షులుండెనో నాడెవ్వరును లెక్కింపలేదు. దేశమునకు రేవు కావలసియుండెను, నేల పోయినది. అది యొక బేరము, తెలిసియో తెలియకయో చేసినది. నేడు మధురవాడలో జరుగుచున్నది అట్టి బేరముకూడ కాదు. ఒక బందను పూడ్చి నలుబది ఇండ్లస్థలములు చేయుట వలన దేశమునకు రేవు రాదు, ఉక్కు రాదు.

ఇరువదియేండ్ల క్రిందట మేమెరిగిన ఒక బంద మధురవాడ చేరువ నుండెడిది. పేరు చెప్పము, చెప్పినచో స్థలములు కొన్నవారు మాపై ఆగ్రహింతురు, వారిలో మా బంధువులును గలరు. చలికాలమున అచ్చట బాతులు దిగెడివి. మొదట గట్టుప్రక్క చెత్త పడినది. తరువాత ఇండ్లు కూల్చిన మట్టి వచ్చినది. పిమ్మట నీరు చేరు గెడ్డకు అడ్డముగ ఒక ప్రహరీ లేచినది. రెండేండ్లకు నీరులేని బందను చూపి, "ఇది చెరువే కాదు" అని కాగితము పుట్టినది. నేడచ్చట రంగురాళ్ళు పాతిన వీథులున్నవి. భారీవర్షము కురిసిన దినమున మాత్రము ఆ వీథులలో మోకాలిలోతు నీరు నిలుచును. గెడ్డకు తన దారి జ్ఞాపకమున్నది. నివాసులు అప్పుడు నగరపాలక సంస్థను తిట్టుదురు.

భూస్వాములగు చదువరులకు ఒక మనవి. ఎండిన చెరువు చెరువు కాకపోదు. 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యమున సుప్రీం కోర్టువారు, చెరువులు, కుంటలు సమాజము యొక్క ఆస్తియని, కొంతభాగము మెరకపడినంత మాత్రమున ఇండ్లస్థలముల క్రింద పంచరాదని తీర్పుచెప్పిరి. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున, పంజాబులో చెరువు పూడ్చి కట్టిన ఇండ్లను తొలగింపుమనుటయే గాక, గ్రామ ఉమ్మడిభూముల ఆక్రమణలను ఖాళీ చేయించు పథకములు సిద్ధపరుపుడని రాష్ట్రములన్నిటికి ఆజ్ఞాపించిరి. కావున నేడు చౌకగా దొరకిన బంద రేపు మనుమని మెడకు వ్యాజ్యమై చుట్టుకొనును. ధర్మము రుచింపనివారు లాభనష్టములనైనను లెక్కించుకొందురుగాక!

ముడసర్లోవ మాటకు వత్తము. దానిని ఎవ్వరును పూడ్చరు. నగరమునకు త్రాగునీరిచ్చిన జలాశయము, నగరపాలక సంస్థ అధీనముననున్నది. అయినను దానికొక విచిత్రమైన లోపము గలదు. 2017లో కేంద్రప్రభుత్వము చేసిన చిత్తడినేలల నిబంధనలు, త్రాగునీటికై మనుష్యులు కట్టిన జలాశయములను, సాగునీటి చెరువులను చిత్తడినేల యను నిర్వచనము నుండి తొలగించినవి. కొల్లేరు వంటి సహజసరస్సునకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యపు ముద్ర లభించినది. ముడసర్లోవకు ఆ ముద్రగాని, ఆ నిబంధనల రక్షణగాని లేదు. చెరువును ప్రకృతి చేసినదో, ఇంజనీరు చేసినాడో బాతు విచారింపదు. తెలుగుదేశమున నీటిపక్షులు ఆశ్రయించునవి అధికభాగము రాజులు, రెడ్లు, కాపులు త్రవ్వించిన చెరువులే యైనప్పుడు, త్రవ్వినందుకే వానికి రక్షణ లేదనుట ఎట్టి న్యాయము?

2018లో ఆ జలాశయపు నీటిపై రెండు మెగావాట్ల సూర్యవిద్యుత్ఫలకములు తేలవేసిరి. విద్యుత్తు కావలసినదే, బొగ్గుపొగ తగ్గుటయు మంచిదే, ఫలకముల నీడవలన నీరు ఆవిరియగుట కొంత తగ్గును. మేము వానిని తీసివేయుడని కోరము. అయితే నీటిపైన ప్రతి గజమును ఎవరికో పనికివచ్చు చోటే. తెరిపినీటిపై దిగుటకు అలవాటుపడిన బాతులు ఫలకముల దెసకు పోకుండుట మేము చూచితిమి. నీరుకాకులు మాత్రము వాని అంచులపై కూర్చుండి రెక్కలారబెట్టుకొనుచుండినవి. ఇకమీదట పెంచదలచినచో, పక్షులు ఎచ్చట దిగుచున్నవో, ఎచ్చట మేయుచున్నవో ఒక చలికాలమైనను లెక్కించి పెంచవలెను. ఆ లెక్క వ్రాయుటకు జీతములేని పనివారు నగరమున కావలసినంతమంది గలరు. 1987 నుండి ఏటేట జనవరిలో ఆసియాఖండమున నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఫిబ్రవరిలో నాలుగు దినములపాటు లోకమంతట పెరటిపక్షుల గణన జరుగుచున్నది. మా ఉపాధ్యాయునివంటివారు తమ సెలవుదినములను, తమ పెట్రోలును ఖర్చుచేసికొని ఈ పట్టికలు నింపుచున్నారు. వానిని అడిగి తీసికొను అధికారియే కావలెను.

చిత్తడినేలను బంజరన్నచో ఏమి జరుగునో శ్రీకాకుళము జిల్లా సోంపేటలో చూచితిమి. అచ్చటి బీలపై బొగ్గు విద్యుత్కేంద్రము కట్టుటకు సంకల్పించినప్పుడు, అది పనికిరాని భూమియని కాగితములలో వ్రాసిరి. ఆ పనికిరాని భూమిపై వరి పండించి, చేపలుపట్టి, పశువులను మేపుకొని బ్రతుకువారు అడ్డుపడిరి. 2010 జూలై 14న పోలీసులు కాల్చిన తుపాకులకు ప్రాణములు పోయినవి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పీలు అధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసెను. ఒక్కదినము ముందు ఆ ఉత్తరువు వచ్చియుండినచో! ఆ జిల్లాలోనే తేలినీలాపురము గ్రామస్థులు, ఏటేట వచ్చి తమ చింతచెట్లపై గూళ్ళుకట్టు గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఇంటి ఆడపడుచులవలె చూచుకొందురు. అవి మేయునది నౌపడా చిత్తడినేలలలో. తేలుకుంచిలో నత్తగుల్లకొంగలు దిగినచో వానలు దగ్గరపడెనని రైతు సంతోషించును. ఈ గ్రామస్థులకు ఏ నిబంధనయు ఎవ్వరును చదివి వినిపింపలేదు.

ముడసర్లోవకు పోదలచిన చదువరులకు రెండు మాటలు. సూర్యోదయమునకు ముందే పొండు. ఎనిమిది దాటిన పిదప పక్షులు నడినీటికి పోయి నిదురించును. తెల్లని బట్టలు, పాటల పెట్టెలు వలదు. బాతులకు రొట్టె వేయవలదు. అది వానికి మేత కాదు, నీటికి మురుగు. నీటిపై ఎగురు కెమెరాలను తెచ్చి చిత్రములు తీయువారిని మేము చూచితిమి; ఆ చప్పుడునకు గుంపంతయు లేచి, నాలుగుసార్లు చుట్టితిరిగి, మరల దిగినది. లేచిన ప్రతిసారియు దారిబత్తెములో కొంత ఖర్చగును. దుర్భిణి లేకున్నను బాధలేదు. మా వృద్ధునికి అరువదేండ్లుగా లేదు.

మేము మరల మార్చి నాలుగవవారమున పోయితిమి. ఎండ అప్పటికే గట్టిపడినది. నీరు గట్టునుండి నాలుగైదు గజములు వెనుకకు పోయి, అడుసు బీటలు వారనారంభించినది. సూదితోకలు లేవు. నామముగల బాతులు మొదట ఒక్కటియు కనబడలేదు. చాలసేపటికి ఆవలిగట్టున, తుంగ నీడలో ఏడు కనబడినవి. టెర్ను పక్షుల పొట్టలు నల్లబడసాగినవి, అవియు నేడో రేపో పోవునవే. తామరకోళ్ళలో నెమలితోక జాతివానికి పొడుగుతోకలు వచ్చినవి; అవి ఇచ్చటనే యుండి వానలలో గూళ్ళు కట్టును. ఉపాధ్యాయుడు పుస్తకము తెరచి, తేదీ వ్రాసి, గార్గనేలకు ఎదురుగా ఏడు అని అంకె వేసెను. వృద్ధుడు గేదెలను నీటినుండి మళ్ళించుచు మమ్ము గుర్తుపట్టి, "పోనాయా బాబూ?" అని అడిగెను. ఇంకను ఏడున్నవంటిమి. ఆయన చేయి కన్నులపై అడ్డుపెట్టుకొని ఆవలిగట్టువైపు చూచి, ఎనిమిది అనెను. ఉపాధ్యాయుడు దుర్భిణితో మరల చూచి, అంకె దిద్దెను.